జోగు దారిలో అన్న మాట

దేశం చూసొచ్చిన మనిషి నోరు ఊరుకుంటుందా? కస్తూరి నోరు అసలే ఊరుకోదు. మైసూరు సీమంతా తిరిగి ధర్మవరం చేరి వారం కాలేదు, మగ్గాల వీధిలో ఆమె కబుర్లు సోకని చెవి లేదు. ఆ పొద్దున కూడా వసారాలో రాట్నం ముందు కూర్చుని ఎర్రపట్టు కండెలు చుడుతూ, పక్కింటి దాసమ్మకు జోగు జలపాతం చూపిస్తోంది. చేయి పైకెత్తి, నీళ్ళు దూకినట్టు ఒక్కసారి కిందికి దించి, వేళ్ళు విదిల్చి పొగ కూడా లేపింది.

"అంత పైనుంచి పడితే నీళ్ళు నీళ్ళుగా ఉంటాయా దాసక్కా! బియ్యప్పిండి ఎగజల్లినట్ల అయిపోతాయి. కొండ అంచున నిలబడితే మొగమంతా తడుస్తాది."

"అమ్మో! భయం కాలేదా నీకు?"

"కాకేం? మా ఆయప్ప నా చెయ్యి ఇడిస్తే కదా!"

దాసమ్మ కిసుక్కున నవ్వింది. "పెండ్లయి పదమూడేండ్లకు చెయ్యి పట్టుకునేది నేర్చుకున్నాడా మీ ఆయప్ప! ఇంగ నయమే."

కస్తూరి సిగ్గుపడి తల వంచుకుంది. దాసమ్మ అన్నది వేళాకోళానికే అయినా అబద్ధమేమీ కాదు. భాస్కరయ్య మాటల మనిషి కాదు. పట్టుచీరల మూట కట్టుకుని హిందూపురానికీ బెంగుళూరికీ పోవడం, అమ్ముకు రావడం, తిని పడుకోవడం. పిల్లలు లేరని అత్త సుబ్బలక్ష్మమ్మ దినమూ గొడ్రాలని దెప్పుతుంటే, "ఊరుకోమ్మా" అని ఒక్కనాడూ అన్నవాడు కాదు. అలాంటివాడు ఆ ఏడు, పంతొమ్మిదివందల ముప్ఫై ఎనిమిదిలో, దసరా వెళ్ళగానే ఉన్నట్టుండి "మైసూరు సీమ చూసొద్దాం పద" అన్నాడు. అత్త కూడా అడ్డు చెప్పలేదు. పైగా దారిలోకి బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి మూట కట్టింది. అప్పుడైనా అనుమానం రావద్దా? రాలేదు. మంచితనం మొహం ఎరగని మనిషి, అది ఎదురుపడితే చాలు, కాళ్ళు కడిగి లోపలికి పిలుస్తుంది.

రైలు పెనుకొండ దాటేటప్పుడు భాస్కరయ్య ఆమెను కిటికీ పక్కకు జరిపి, కొండమీది కోటగోడలు చూపించాడు. హిందూపురంలో చీరల దళారి నారాయణస్వామి ఎక్కాడు. కన్నడం బాగా వచ్చినవాడు, దారులన్నీ తెలిసినవాడు, తోడుంటాడని చెప్పాడు భాస్కరయ్య. కస్తూరి అతన్ని నోరారా అన్నా అని పిలిచింది. మైసూరులో రాజుగారి నగరు చూసి నోరు తెరిచింది. శ్రీరంగపట్నంలో కావేరిలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే, భాస్కరయ్య కొడగు కమలాపండు ఒలిచి తొనలు ఆమె చేతిలో పెట్టాడు. బేలూరు గుళ్ళో రాతి ఆడవాళ్ళ నగలు చూస్తూ ఆమె కదలకపోతే, "చూడు, తొందరేముండాది" అన్నాడు. దినమూ తలలోకి మల్లెపూలు. పదమూడేళ్ళలో అనని మాటలు ఆ కొద్ది దినాల్లో అన్నాడు.

"అన్నిటికన్నా మించింది ఇంకొకటుండాది దాసక్కా," అని కస్తూరి గొంతు తగ్గించింది. "జోగు పోయే దారిలో ఒక ఊర్లో బస్సు నిలిపినారు. ఆడ గుడి. పూజారి కన్నడంలో నన్నేమో అడిగినాడు. నాకేం తెలుస్తాది? నారాయణస్వామన్న చెప్పినాడు, 'మీకు బిడ్డ కలగల్లా అని అడుగుతాండాడమ్మా, ఆగలి అను' అని. ఆగలి అంటే కానీ అని. మూడుసార్లు అంటి, చేతులు జోడించి. నాకు కండ్లలో నీళ్ళు తిరిగె."

"దేవుడు చూస్తాడులే," అంది దాసమ్మ.

లోపలినుంచి అత్త కేకేసింది. "ఏమే, దేశం చూసిన దొరసానీ! నోటితో చుడతాండావా చేత్తో చుడతాండావా? ఆ ఎర్రపట్టు మాపటికి మగ్గమెక్కల్ల. పెనుకొండ చీర అది."

అంతలో వీధిలోంచి కులపెద్ద ఈశ్వరప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన వెనకే గొడుగు మూస్తూ నారాయణస్వామి. భాస్కరయ్య తలుపు పక్కన నిలబడ్డాడు గానీ బయటికి రాలేదు. కస్తూరి మొహం చాటంత అయింది.

"అన్నా! నువ్వు కూడా వచ్చినావా? ఉండండి, మజ్జిగ తెస్తా."

"మజ్జిగ తర్వాతమ్మా," అన్నాడు ఈశ్వరప్ప. "నేనొక మాట అడిగి పోదామని వచ్చినా. మన వీధి కట్టుబాటు నీకు తెలిసిందే కదా. మొదటి పెండ్లాము నోటితో ఒప్పుకుంటే గాని రెండో పెండ్లికి తాంబూలాలు మార్చుకోరు. నువ్వు దేవుని ముందర ఒప్పుకున్నావని వీళ్ళు చెప్తాండారు. అయినా నా చెవితో నేను వినల్ల కదా."

కస్తూరి నవ్వింది. "ఎవురికి మామా రెండో పెండ్లి?"

భాస్కరయ్య భుజం మీది తువ్వాలు తీసి మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. దాసమ్మ తల పక్కకు తిప్పుకుంది. చివరికి సుబ్బలక్ష్మమ్మే గడప దాటి వచ్చింది.

"ఇంకెవురికి? నా కొడుక్కే. పెనుకొండ పోతులయ్య కూతురు, ఈ నారాయణస్వామికి సొంత అక్క కూతురు. నువ్వు చుడతాండేది ఆ పిల్ల పెండ్లి చీర పట్టే. మెల్లగా చుట్టు, పోగు తెగిందంటే నీ పని చెప్తా."

రాట్నం ఆగిపోయింది. పోగు ఇంకా కస్తూరి వేళ్ళ మధ్యనే ఉంది. దాన్ని వదిలెయ్యాలని గానీ తెంపెయ్యాలని గానీ ఆమెకు తోచలేదు.

"నేను యాడ ఒప్పుకుంటి?" అంది మెల్లగా.

నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు. "గుళ్ళో మూడుసార్లు ఆగలి అనలేదా కస్తూరమ్మా? నీ మొగుడు ఇంకొక పెండ్లి చేసుకుంటే సమ్మతమేనా అని అడిగినాడు పూజారి. నువ్వు చేతులు జోడించి అంటివి. నేను సాక్షి."

"బిడ్డ కలగల్లా అని అడుగుతాండాడని నువ్వే కదన్నా చెప్తివి!"

"ఆ పిల్లకు పుట్టినా బిడ్డే కదమ్మా మీ ఇంటికి. నేనేమి అబద్ధం చెప్పినా?"

నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలైనాయట వెనకటికి ఎవరికో. కస్తూరి మొగుడి వైపు చూసింది. ఈ మాట అబద్ధమని ఒక్కసారి అంటే చాలు, పోతున్న ప్రాణం లేచి వచ్చేది. భాస్కరయ్యకు మాత్రం కోపమే వచ్చింది. తప్పు చేసినవాడికి మొదట వచ్చేది కోపమే కదా.

"ఏమట్ల చూస్తాండావు? ఈ వీధిలో యా మొగుడన్నా పెండ్లానికి మైసూరు చూపించినాడా? పక్క ఊర్లలో చెప్పా పెట్టకుండా సవితిని తెచ్చి నట్టింట్లో కూర్చోబెట్టినోళ్ళు ఎంతమంది లేరు? నేను అట్ల చెయ్యలా. అడిగిన చోటికల్లా తిప్పితి. దినమూ పూలు తెచ్చిస్తి. నీ మనసు నొప్పించకూడదనే కదా ఇంత తిప్పలు పడింది!"

"అందుకా?" అంది కస్తూరి. "ఆ పూలు, ఆ పండ్లు, అంతా అందుకేనా?"

"ఇంక దేనికనుకుంటివి?" అంది అత్త. "నీ అందం చూసి మురిసిపోయి తిప్పినాడనుకుంటివా?"

కస్తూరి పట్టుకండె పళ్ళెంలో పెట్టి, లేచి, అరుగు దగ్గరికి వచ్చి ఈశ్వరప్ప ఎదుట నిలబడింది.

"మామా, మారెమ్మ జాతరకు పొట్టేల్ని ఎట్ల బలిస్తారు?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"చెప్పు మామా. ఏటేటా దగ్గరుండి చేయించేది నువ్వే కదా."

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "నీళ్ళు పోసి, పసుపు కుంకుమ పెట్టి, దండేసి ఊరంతా తిప్పుతారు."

"ఆ మీదట?"

"గుడి ముందర నిలబెట్టి నీళ్ళు చల్లుతారు. అది ఒళ్ళు విదిలిస్తే ఒప్పుకున్నట్టు. విదిలించకుండా కత్తి ఎత్తకూడదు."

"అది ఒప్పుకుని విదిలిస్తుందా మామా, చలికి విదిలిస్తుందా?"

ఈశ్వరప్ప కళ్ళు దించుకున్నాడు.

"నన్నూ అట్లే తిప్పినారు. ఊరూరా తిప్పినారు. నా తల్లో పూలు పెట్టినారు. గుడి ముందర నిలబెట్టినారు. బిడ్డ అనేసరికి నా ఒళ్ళు జలదరించింది, ఆగలి అంటి. ఒప్పుకునింది అని వీళ్ళు ఇంటికి తోలుకొచ్చినారు. ఇంగ కత్తి నువ్వెత్తల్ల మామా, ఎత్తు."

"పొట్టేలితో పోల్చుకుంటుందిరా ఇది!" అని చేతులు తిప్పింది సుబ్బలక్ష్మమ్మ. "పొట్టేలన్నా నయం, జాతరకు పనికొస్తాది. పదమూడేండ్లు తిని నువ్వు దేనికి పనికొచ్చినావే?"

"అత్తా, నువ్వన్నా మొదటినుంచీ తిడతానే ఉండావు. నీకు దండం పెట్టల్ల. తిట్టే నోటితో నువ్వు నన్ను మోసం చెయ్యలా."

ఆ మాటకు సుబ్బలక్ష్మమ్మ నోరు మూతపడింది. ఓళిగల మూట కట్టి పంపింది తానే కదా. ఆ సంగతి గుర్తొచ్చిందో ఏమో, కొంగు సర్దుకుంటూ లోపలికి పోయింది.

ఈశ్వరప్ప గడ్డం రుద్దుకున్నాడు. "గుళ్ళో మాట నేను వినలేదు. కన్నడంలో మాట నాకు వద్దు. తెలుగులో అడుగుతాండా. నీ మొగునికి ఇంకో పెండ్లి నీకు సమ్మతమా కాదా?"

"కాదు మామా. సమ్మతం కాదు. ఇది కూడా మూడుసార్లు అనల్లా?"

"ఒకసారి చాలమ్మా." ఆయన లేచాడు. "ఏమబ్బా నారాయణస్వామీ, పెనుకొండలో మీ బావకు చెప్పుకో. ఈ పెండ్లికి ఈ వీధిలో తాంబూలం లేదు. దేవుని గుళ్ళో ఆడదాని నోట మాట దొంగిలించుకొచ్చినారు, సిగ్గుండల్ల."

"పెద్దాయప్పా, నా వంశం..." అంటూ భాస్కరయ్య వెంటబడ్డాడు.

"వంశం కావల్లంటే నీ అన్నదమ్ముల పిల్లల్ని పెంచుకో. పొట్టేల్ని కోస్తే బిడ్డలు పుట్టరు."

వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. దాసమ్మ కస్తూరి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తన ఇంటికి పోయింది. లోపల గిన్నెలు దబాదబా పడుతున్నాయి. వాటి మధ్యలో శాపనార్థాలు వినిపిస్తున్నాయి. భాస్కరయ్య అరుగు మీద కూలబడి వీధి వైపు చూస్తున్నాడు. కస్తూరి గెలిచింది. సవితి రాదు. ఈ ఇంట్లో పొయ్యి ఆమెదే, రాట్నం ఆమెదే, మొగుడూ ఆమెవాడే. గెలిచిన మనిషి సంతోషంగా ఉండాలి కదా. ఆమె మాత్రం వచ్చి మొగుడి ఎదుట నేలమీద కూర్చుంది.

"ఒక మాట అడుగుతా. నిజం చెప్తావా?"

"ఇంకా ఏముండాది అడిగేదానికి? పరువు వీధిన పడేస్తివి కదా."

"అన్ని ఊర్లు తిరిగితిమి. మైసూరు, శ్రీరంగపట్నం, బేలూరు, జోగు. యాడన్నా ఒక్కచోట, ఒక్క గడియ, ఈ సంగతి మర్చిపోయి ఊరికే నాతో ఉంటివా? నేను పక్కనుండానని నీకు సంతోషమయ్యిందా? ఒక్కచోటన్నా?"

భాస్కరయ్య ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. ఒక్కో ఊరూ తలుచుకుంటున్నట్టు అతని కళ్ళు కదిలాయి. కస్తూరి ఆ మొహమే చూస్తూ కూర్చుంది. జోగు అంటాడనుకుంది. చెయ్యి పట్టుకున్నది అక్కడే. జోగు ఒక్కటి అంటే, మిగిలినవన్నీ మన్ను గొట్టుకుపోయినా ఆమె క్షమించేసి ఉండేది.

"లేదు," అన్నాడు. "ఎప్పుడైపోతుందా, ఎప్పుడు ఇల్లు చేరుదుమా అనే ఉండె నాకు."

అత్త గొడ్రాలంటే ఏడవని మనిషి, కులపెద్ద ముందు కన్నీటి చుక్క రాల్చని మనిషి, ఆ ఒక్క మాటకు నేలమీద పడి వెక్కి వెక్కి ఏడ్చింది. వీధి వీధంతా చెప్పుకున్న మైసూరు ఎక్కడా లేదు. ఆ నగరు ముందూ, ఆ నది ఒడ్డునా, ఆ నీటిపొగలోనూ ఆమె ఒక్కతే తిరిగి వచ్చింది. ఇంతకాలం తనకు బిడ్డ లేడనే అనుకుంది, మొగుడు కూడా లేడని ఇప్పుడు తెలిసింది.

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. సుబ్బలక్ష్మమ్మ చేతిలో గరిటెతోనే గడప దగ్గరికి వచ్చి, కిందపడి ఏడుస్తున్న కోడల్ని చూసింది, మాట్లాడని కొడుకునూ చూసింది. గరిటె అక్కడే జారవిడిచి, మోకాళ్ళు పట్టుకుంటూ నేలమీద కూర్చుంది. కోడలి తలను పదమూడేళ్ళలో మొదటిసారి తన ఒడిలోకి లాక్కుంది.

"ఎన్ని అబద్ధాలాడినావురా!" అంది కొడుకుతో. "అన్ని ఆడినోనివి, ఇంకొక్కటి ఆడలేకపోయినావా?"

భాస్కరయ్య తల ఎత్తలేదు. ఆ ఒడిలో కస్తూరి ఏడుస్తూనే ఉంది. అత్త కూడా ఏడ్చింది.