పెద్దోడి చూపు, చిన్నోడి నవ్వు

వీధి చివర ఆ పాత ఇంటి దగ్గరకొచ్చేసరికి, సైకిల్ మీద వెళ్లేవాళ్లు కూడా తొక్కుడు పెంచేస్తారట.

రాత్రి పది దాటిందా — లోపల్నుంచి చప్పుడు. టక్ టక్... ఆగుతుంది... మళ్లీ టక్ టక్. మనిషి నడకైతే కాదు. ఏదో నాలుగు కాళ్లది గచ్చు మీద తిరుగుతున్నట్టు. ఏడాది కిందట ఆ ఇంట్లో రెండు కుక్కలు మూడు రోజుల తేడాలో పోయాయి. అవే తిరుగుతున్నాయని వీధంతా ఒకటే మాట.

అలాంటి ఇంట్లో కూర్చుని, ఆ కుక్కల బొమ్మే వెయ్యాల్సి వచ్చింది పెయింటరుకి.

అతని చెయ్యి మంచిది. పోయినవాళ్ల పటాలు వెయ్యడంలో దిట్ట. ఎన్నో బట్టతలల మీద జుట్టు మొలిపించాడు, జన్మలో నవ్వని మామగార్లని నవ్వించాడు. కుక్కలంటే మాత్రం చచ్చేంత భయం. చిన్నప్పుడొకటి పిక్క పట్టుకుంది. ఎక్కడ మొరుగుడు వినిపించినా ఆ పిక్క ఇప్పటికీ దానంతటదే వణుకుతుంది. "ఇవి పోయిన కుక్కలే కదా, నన్నేం చేస్తాయిలే" అనుకుని ఒప్పుకున్నాడు.

పని చెప్పింది ఆ ఇంటి కోడలు. ఇల్లు ఆమె మామగారిది. రిటైరైన హెడ్మాస్టరు. భార్య పోయాక ఆయనకి ఆ రెండు కుక్కలే తోడు. పెద్దోడు, చిన్నోడు అని పిలిచేవారు. మోకాలి ఆపరేషనయ్యాక కొడుకూ కోడలూ ఆయన్ని రెండు వీధుల అవతల తమ ఫ్లాట్‌కి తీసుకెళ్లారు. కుక్కలు ఇక్కడే ఉండిపోయాయి. రోజూ మనిషొచ్చి అన్నం పెట్టేవాడు. అవి ముట్టలేదు. గేటు దగ్గర పడుకుని, నెల తిరక్కుండానే...

"కోడలికి గిట్టలేదు, అందుకే వదిలించుకుంది" అని వీధిలో చెప్పుకునేవారు. పెయింటరూ అదే నమ్మాడు. బతికుండగా చోటు లేదు గానీ, పోయాక హాల్లో నిలువెత్తు పటమా! మనసులోనే నవ్వుకున్నాడు.

ఆమె రెండు షరతులు పెట్టింది. బొమ్మ పక్కగదిలోనే వేసి తాళం పెట్టాలి, మామగారికి ముందే తెలియకూడదు. రెండోది — చీకటి పడేలోపు ఇంట్లోంచి వెళ్లిపోవాలి.

"ఎందుకండీ?"

"అందరూ చెప్పేదే," అని గొంతు తగ్గించింది. "రాత్రిళ్లు... తిరుగుతాయండీ."

పది రోజుల్లో బొమ్మ అయిపోయింది. చివరి రోజు సాయంత్రం ఆమె వచ్చి చూసింది. 

"అచ్చం అవేనండీ. కానీ ఇంత దిగులుగా ఉన్నాయేంటి? కాస్త నవ్వించండి. పొద్దున్నే వచ్చి సరిచెయ్యండి, మామగారి పుట్టినరోజుకి పదకొండుకల్లా చుట్టాలొస్తారు."

పొద్దున వేస్తే పదకొండుకి ఆరేదెలా? ఆమె వెళ్లిపోయాక కూడా పెయింటరు ఉండిపోయాడు. పక్కగది బల్బు గుడ్డిది. బొమ్మని హాల్లోకి లాగి, గోడకి ఆనించి, మూతుల చివర్లు పైకి తిప్పడం మొదలుపెట్టాడు. చిన్నోడు తొందరగానే నవ్వాడు. పెద్దోడు మాత్రం ఎంత దిద్దినా పళ్లు కొరుకుతున్నట్టే ఉన్నాడు.

పది దాటింది.

కరెంటు పోయింది.

సరిగ్గా అప్పుడే — వరండాలో... టక్ టక్.

పెయింటరు చేతిలో కుంచె జారిపోయింది.

టక్ టక్... ఆగింది. తలుపు కిర్రుమంది. రొప్పు వినిపిస్తోంది... బరువుగా, దగ్గరగా. టక్ టక్... హాల్లోకి వచ్చేసింది.

  పెయింటరు పాక్కుంటూ వెళ్లి బొమ్మ వెనకాల దూరాడు. కళ్లు మూసుకున్నాడు. పిక్క వణుకుతోంది.

ఉన్నట్టుండి వెలుతురు. చిన్న టార్చిలైటు బొమ్మ మీద పడింది.

దబ్బున ఏదో కూలిన చప్పుడు. ఆ వెంటనే ఒక ముసలి గొంతు... గుసగుసగా...

"వచ్చార్రా?... ఇద్దరూ వచ్చార్రా?"

పెయింటరు ఒక కన్ను తెరిచి పక్కనుంచి చూశాడు. నేల మీద హెడ్మాస్టరుగారు చతికిలబడి ఉన్నారు. పక్కనే నాలుగు కాళ్ల వాకర్. రబ్బరు తొడుగులు అరిగిపోయి, ఇనుము బయటపడింది.

వీధిని ఏడాదిగా వణికించిన నాలుగు కాళ్లు అవే!

పెయింటరుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. పలకరిద్దామని నోరు తెరిచాడు... కానీ ముసలాయన మాట్లాడుతూనే ఉన్నాడు.

"కోపమా? ఉంటుందిలే. రోజూ వచ్చి ఈ గచ్చు మీదే కూర్చుంటున్నా. ఇన్నాళ్లకి కనిపించార్రా."

ఇక దాక్కోవడం పాపమనిపించింది. పెయింటరు మెల్లగా దగ్గాడు.

"ఎవడ్రా అది!" బడి మొత్తం నిలబడే గొంతు.

"నేనండీ... బొమ్మలేసేవాణ్ని. మీ కోడలుగారు వెయ్యమన్నారు."

ముసలాయన టార్చి వేసి బొమ్మంతా చూశాడు. వేలితో ముట్టుకున్నాడు. వేలికి రంగంటింది. అడిగాడు: "వీడు నవ్వుతున్నాడేంటయ్యా?"

"అమ్మగారే నవ్వించమన్నారండీ." పెయింటరు ఉండబట్టలేక అనేశాడు, "కుక్కల్ని వదిలేసిందీ ఆవిడేగా, అందుకని..."

"ఎవరు చెప్పారు?" గొంతు మళ్లీ గట్టిపడింది.  "తెచ్చుకుందాం మామయ్యా అని రెండుసార్లు అడిగింది. నేనే వద్దన్నా. ఫ్లాట్లో కుక్కలేంటి, నలుగురూ నవ్వుతారన్నా. అవి గేటు వైపే చూస్తూ పోయాయయ్యా. ఆ నవ్వు తీసెయ్. గేటు వైపు చూస్తున్నట్టు వెయ్."

కరెంటొచ్చాక పెయింటరు మళ్లీ కూర్చున్నాడు. పెద్దోడి కళ్లు గేటు వైపు తిప్పాడు. పళ్లు కొరకడం దానంతటదే పోయింది. చిన్నోడి దగ్గరికొచ్చేసరికి ముసలాయన అక్కడే నేల మీద నిద్రపోయాడు. కిటికీ తెల్లబడుతోంది. ఆ నవ్వు చెరపడానికి పెయింటరుకి చెయ్యాడలేదు.

అడుగుల చప్పుడు. కోడలు గుమ్మంలో నిలబడింది. బొమ్మనీ, మామగారినీ, పెయింటరునీ చూసింది. ఆశ్చర్యపోలేదు. చేతిలో శాలువా ఉంది. వంగి ఆయనకి కప్పింది.

"ఈయన రాత్రిళ్లు ఇక్కడికొస్తారని మీకు..."

"తెలుసండీ. నేను పడుకున్నాననుకుని వస్తారు. రోజూ వెనకాలే వచ్చి రోడ్డవతల నిలబడతాను. నిన్న రాత్రి మాత్రం పిల్లకి జ్వరమని రాలేకపోయాను."

"మరి, కుక్కలు తిరుగుతున్నాయని వీధంతా..."

"నేనే చెప్పాను," అంది గుసగుసగా. "ఎవరైనా తొంగిచూసి, ఆయన ఏడవడం చూశారనుకోండి... మళ్లీ తలెత్తుకోలేరు."

పెయింటరు చిన్నోడి వైపు చూపించి, "వీడి నవ్వు కూడా తీసెయ్యమన్నారండీ," అన్నాడు.

ఆమె దగ్గరికొచ్చి చూసింది. ఒకడు గేటు వైపు చూస్తున్నాడు. ఇంకొకడు నేల మీద నిద్రపోతున్న ముసలాయన వైపు చూసి నవ్వుతున్నాడు.

"నిద్రలేచి అడిగితే," అంది, "రంగు అయిపోయిందని చెప్పండి."