నూట ముప్పై రెండు

ఆమదాలవలస దాటాక రైలు పట్టాల పక్కన పాత గేటుగది ఒకటుంది. వంతెన కట్టాక గేటు మూసేశారు, గది మాత్రం మిగిలిపోయింది. చీకటి పడితే దాని కిటికీలో ఆడమనిషి నిలబడుతుందని చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెప్పుకుంటాయి. పాలవాళ్ళు కూడా ఆ దారి మానేసి చుట్టూ తిరిగి పోతారు. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. ముందే చెప్తున్నాను, ఆనక నన్ను అడక్కండి.

ఇది కృపారావు మాస్టారు నాతో చెప్పింది. మాస్టారు బడి నుంచి రిటైరయ్యారు గానీ ఫొటోల పిచ్చి నుంచి కాలేదు. లోకమంతా ఫోన్లలో తీసుకుంటుంటే ఆయనకింకా రీలు కెమెరాయే. ఆ రీళ్ళు కడిగేవాణ్ణి ఇక్కడ నేనొక్కణ్ణే, నరసింగరావుని. మా స్నానాలగదే నా డార్క్‌రూమ్.

నలభై ఏళ్ళలో ఆయన కొంగల్ని తీశారు, కొండల్ని తీశారు, నాగావళి మీద మంచు తీశారు. భార్య కాంతంగారిని తియ్యలేదు. "రేపు తీస్తాన్లే" అనేవారు. ఈ జనవరిలో ఆవిడ పోయారు. చర్చివాళ్ళు ఆవిడ కోసం పెట్టిన ఆదరణ కూడికలో పెట్టడానికి ఫొటో లేక ఆధార్ కార్డు బొమ్మ పెద్దది చేయించారు. ఆ మసక మొహాన్ని చూడలేక, సాయంత్రమైతే ఆయన ఇంట్లోంచి బయటపడిపోయేవారు.

అలా ఒక పున్నమినాడు, ఏ ఎనిమిదింటికో, గేటుగది దగ్గరకి వెళ్ళారు. వెన్నెల్లో ఫొటో అంటే షట్టరు చాలాసేపు తెరిచి ఉంచాలి. స్టాండు పెట్టి, కిటికీకి ఎదురుగా నిలబడి, సెకన్లు పైకే లెక్కపెట్టడం మొదలెట్టారు. ఒకటి… రెండు…

నూరు దాటాక — లోపల్నించి ఎవరో తనతో పాటు లెక్కపెడుతున్నారు.

ఖాళీ గది కదా, నా గొంతే తిరిగొస్తోంది అనుకున్నారు. గొంతు తగ్గించారు. అదీ తగ్గింది. నూట ముప్పై… నూట ముప్పై ఒకటి…

ఆపేశారు.

లోపల్నించి, మెల్లగా — "నూట ముప్పై రెండు."

షట్టరు ఎలా మూశారో ఆయనకే తెలీదు. స్టాండు చంకన పెట్టుకుని ఒకటే పరుగు.

మర్నాడు రీలు తెచ్చి నా చేతిలో పెట్టారు. "కడిగి సూడు నరసింగూ… లోపలెవరో ఉన్నారు."

కడిగాను. ప్రింటు వేశాను. ట్రేలో కాగితం మీద ముందు గోడ తేలింది, తర్వాత కిటికీ… ఆ కిటికీలో ఆడమనిషి. కాంతంగారు. ఆవిడ చేతిలో గరిటె.

గరిటె చూశాక నాకు కోపమొచ్చింది.

"దెయ్యం సేతిలో గరిటేటి మాస్టారూ? ఈ రీలు ఎక్కడిది?"

"ఫ్రిజ్‌లోది. కొత్తదే. తోక బయటికే ఉన్నాది."

ఆయనకో పిసినారి అలవాటు. కొత్త రీలుకి ఫిల్ము కొస, అదే తోక, డబ్బీ బయటికి ఉంటుంది; మధ్యలో తీసేసిన రీలుని కూడా ఈయన తోకతో సహా లోపలికి చుట్టెయ్యరు, మిగతాది తర్వాత వాడుకోవచ్చని. అందులో ఎన్ని అయ్యాయో ప్లాస్టరు ముక్క మీద రాసి అంటించే పని కాంతంగారిది. వాళ్ళింటికి వెళ్ళి వెతికితే ఆ ముక్క ఫ్రిజ్ తలుపులో, అల్లం కింద దొరికింది. "ఒకటి అయింది" అని ఆవిడ రాత. ముక్క ఊడిపోయిన రీలుని కొత్తదనుకుని ఈయన మళ్ళీ మొదటినుంచి వాడారు. పాత బొమ్మ మీదే కొత్త బొమ్మ పడింది.

"వంటింట్లో ఆవిణ్ణి ఎప్పుడు తీశారు?"

మాస్టారు ఆ ప్లాస్టరు ముక్కని జేబులో పెట్టుకున్నారు. "తియ్యలేదు… ఫోకసు సరిగ్గా ఉన్నాదో లేదోనని ఓసారి నొక్కాను. దాన్ని ఫొటో అనుకోలేదు."

"సరే, దెయ్యం కాదు కదా. ఇంక భయపడకండి" అన్నాను.

ఆయన మొహం ఇంకా వాడిపోయింది. "దెయ్యమే అయితే బాగుణ్ణు నరసింగూ. మళ్ళీ ఎల్తే కనపడేది."

గొంతు సంగతి కూడా నేనే తేల్చేశాను, ఖాళీ గదిలో ప్రతిధ్వని అని. మనం ఆపేశాక ప్రతిధ్వని పై అంకె ఎలా చెబుతుందని ఆయన అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడాయన ప్రతి పున్నమికీ వెళ్తున్నారు. కెమెరా పట్టుకెళ్ళరు. కిటికీకి ఎదురుగా నిలబడి, నూట ముప్పై ఒకటి దాకా లెక్కపెట్టి, ఆగుతారు.

మొన్న నన్నూ తోడు రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. నమ్మకం లేదని ముందే చెప్పాను కదా.