మధ్యాహ్నం పన్నెండుకు ఆగే వేడి

జాన్సయా ఉండే టవర్‌ను నడిపే కంపెనీ ఆఫీసులో పూలకుండీలు మాయమయ్యాయట. కింది అంతస్తు కుల్యాష్ ఆపా ఈ మాట జాన్సయా చెవిన వేసింది, జాన్సయా ఫోనులో అక్క రౌషన్ చెవిన వేసింది. ఆ ఆఫీసు ఆడవాళ్లు ఒక్కొక్కరే కిటికీలో పెంచుకున్న కుండీలకు శాలువాలు చుట్టి చంటిపిల్లల్లా ఎత్తుకుపోయారట. రేపు మళ్లీ పనికొచ్చేవాళ్లు కుండీ మోసుకుపోరు, కొంప ఎత్తేస్తున్నారని ఆపా తీర్పు కూడా చెప్పేసిందట.

జాన్సయా నవ్వుతూ చెప్పింది. రౌషన్‌కు నవ్వు రాలేదు. పదహారేళ్లుగా ఆమె రాజధాని ఆస్తానాలో ప్రభుత్వ గూఢచారి. ఆమె పై అధికారి కర్నల్ సెయిత్ అప్పుడే ఆమె ముందు ఒక కాగితం పడేశాడు. విదేశం నుంచి వస్తుంటే దారిలో పట్టుకున్న సందేశం: "శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకు సర్వర్ ఆగుతుంది."

శుక్రవారం అంటే ఆ రోజే.

"విదేశీ ముఠా," అన్నాడు కర్నల్. "వెండిగూడు టవర్ మీద గురి. మూడొందల పన్నెండు ఇళ్లు. వేడి, దీపాలు, తలుపులు మొత్తం ఆ కంపెనీ సర్వర్ చెప్పినట్టు ఆడతాయి."

"సర్వర్ చెప్పకపోతే?"

"నేలమాళిగలో మెయిన్ వాల్వు మూసుకుంటుంది. అది భద్రతా ఏర్పాటు."

బయట మైనస్ ముప్పై ఎనిమిది. రెండు గంటల్లో గొట్టాలు పగులుతాయి. ఇదెక్కడి భద్రతరా అని రౌషన్ పళ్లు కొరుక్కుంది. తొమ్మిదో అంతస్తులో జాన్సయా ఉంది, ఒళ్లో పన్నెండు రోజుల పసిగుడ్డు. నలభై రోజులు నిండందే బిడ్డను గడప దాటించరు. ఆచారం పక్కనపెట్టినా, ఆ చలిలో అంత పిల్లను ఎక్కడికని తీసుకుపోతారు?

కంపెనీ ఫోన్లు మోగుతున్నాయి, ఎత్తే నాథుడు లేడు. ఇక మిగిలిన దారి ఇలోనా. రెండేళ్లుగా అటు కంపెనీ జీతమూ ఇటు కర్నల్ జీతమూ తింటున్న డబుల్ ఏజెంట్. ఆ వాల్వును తెరిచే మాస్టర్ కీ ఆమె దగ్గరుంది.

పదిన్నరకు హోటల్ టీ హాలులో రౌషన్ బొచ్చు కోటు తొడుక్కుని, తోళ్ల వ్యాపారి భార్య వేషంలో కూర్చుంది. కోటు మీది పిన్నులో కెమెరా. అది దారిలోనే అప్‌డేట్ కావాలని మొరాయించి చచ్చింది. ఇలోనా వచ్చింది. తెల్ల బొచ్చు కాలరు, ఎర్రటి పెదాలు. హాలంతా చెంచాలు ఆపి చూసింది.

"పాలు ముందా, టీ ముందా?" అంది రౌషన్.

"మా అత్తారింట్లో ఉప్పు ముందు," అంది ఇలోనా. కోడ్ సరిపోయింది. మెళ్లోని లాకెట్టు తీసి బల్ల మీద పెట్టింది. "మాస్టర్ కీ."

"ముఠా ఎక్కడుంది?"

"ముఠా లేదు, మశానం లేదు. కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. ఏడేళ్ల పాత సరుకు కోసం సర్వర్ నడపడం దండగన్నారు. ఆపేస్తున్నారు. అంతే."

"ఒక్క మాటైనా చెప్పకుండానా?"

"చెప్పారమ్మా. టవర్ ఒప్పందం మీ కర్నల్ ఆఫీసుదే కదా, ఆర్నెల్ల కిందట అక్కడికే ఉత్తరం పంపారు. విదేశీ ఉత్తరం కదా, మీవాళ్లు విప్పకుండానే అతి రహస్యమని సీలేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. నువ్వు తెచ్చుకున్న కాగితం దానికి రిమైండరు."

రౌషన్ లాకెట్టు అందుకుంది. ఇలోనా జాలిగా చూసింది. "అదీ ఆ సర్వర్‌ని అడిగే తెరుస్తుంది. తెరవనంటే మెళ్లో వేసుకో, నీ రంగుకు బావుంటుంది."

రౌషన్ చెవులు వేడెక్కాయి. చంపడానికి వచ్చే శత్రువునైతే ఎదురుగా నిలబడి కొట్టొచ్చు. వీళ్లు చంపడానికి కూడా రాలేదు, దీపం ఆర్పి ఇంటికెళ్తున్నారు. ఆ ఆర్పిన గదిలో పసిపిల్ల ఉంది.

పదకొండూ నలభైకి ఆమె టవర్ నేలమాళిగలో ఉంది. కీ పెట్టింది. తెర మీద అక్షరాలు మెరిశాయి: "లైసెన్సు ముగిసింది. మీ డీలరును సంప్రదించండి." రౌషన్ ఆ తెరను బూటుతో తన్నింది. కసి తీరక మళ్లీ తన్నింది.

"దాన్నెందుకు తంతావే, అది గాజు," అంటూ మెట్లు దిగింది కుల్యాష్ ఆపా. దారిలో రౌషన్ చెప్పిన సంగతి విని జాన్సయా ఫోను చేసి పంపిందట. కాళ్లకు ఇంటి చెప్పులు, చేతిలో మూరెడు ఇనప పానా. దాని నిండా తెల్లటి పొడి. కుర్త్ అనే ఎండు పెరుగు ఉండల్ని ఆపా దానితోనే నలగ్గొడుతుంది. అంతకుముందు ముప్పై ఏళ్లు అదే పానాతో ఊరి వేడినీటి గొట్టాలు బిగించింది. ఈ టవర్‌కు గొట్టాలు వేయించిందీ ఆమే.

కంపెనీవాళ్లు అప్పట్లో, చేత్తో తిప్పే పాత వాల్వును కోసి పారేసి ఫోటో పంపమన్నారట. ఫోటోలో వాల్వు కనపడకపోతే చాలు కదా అనుకుందట ఆపా. దానికి అడ్డంగా చెక్క గోడ కట్టించి, గోడను ఫోటో తీసి పంపిందట.

పదకొండూ యాభై రెండు. రౌషన్ అగ్నిప్రమాదాల కోసం ఉంచిన గొడ్డలితో గోడ బద్దలు కొట్టింది. లోపల తుప్పు పట్టిన వాల్వు. పానా దానికి పట్టింది, వాల్వు కదల్లేదు. ఇద్దరూ పానాకు వేలాడారు. కర్నల్ ఆఫీసు ఇచ్చిన బొచ్చు కోటు చంక దగ్గర పర్రున చిరిగింది. యాభై ఎనిమిది. పానా బెత్తెడు జరిగింది. యాభై తొమ్మిది. ఇంకో బెత్తెడు.

పన్నెండు. పక్కన కంపెనీ వాల్వు సన్నగా గుయ్యిమని మూసుకుంది. దీపాలు ఆరిపోయాయి. చీకట్లో, పాత గొట్టంలోంచి నీళ్లు గడగడమంటూ పైకి పరుగెత్తాయి.

రౌషన్ ఫోను మోగింది. రేడియేటర్ వెచ్చగానే ఉంది, పిల్ల పాలు తాగుతోంది అని జాన్సయా ఏడుస్తూ చెప్పింది.

ఆదివారం పగలు కర్నల్ జాన్సయా వంటింటికే వచ్చాడు. విదేశీ కుట్ర భగ్నమైందనీ, రౌషన్‌కు పతకం ఖాయమనీ చెప్పాడు. బీరువాలో ఉత్తరం సంగతేమిటని రౌషన్ అడిగితే, అది అతి రహస్యం, మాట్లాడకూడదన్నాడు. తర్వాత ఫైలు తెరిచాడు. కొత్త కంపెనీ, ఇంకా తెలివైన సిస్టమ్, పదేళ్ల గ్యారంటీ. ఇళ్లవాళ్ల తరఫున పెద్దదిక్కుగా ఆపా ఒక్క సంతకం పెడితే చాలట.

ఆపా కుర్త్ నలగ్గొట్టడం ఆపింది. పానా తీసి, పొడి దులపకుండానే ఫైలు మీద పెట్టింది.

"ఇది పట్టే చోటు అందులో ఎక్కడుందో చూపించు నాయనా, పెడతాను."