నూటికి నాలుగు

2083 నాటికి తీరంలో శాఖిని అనే యంత్రాన్ని అడక్కుండా ఎవరూ పెద్ద పని తలపెట్టడం లేదు. ఆపరేషన్ చేయించుకోవాలా, రేపు వేటకు వెళ్లొచ్చా అని అడిగితే చాలు, గది మధ్య గాలిలో ఒక వెలుగుచెట్టు విచ్చుకునేది.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ ప్రణుతి ఇప్పుడు సాగర రక్షణ కేంద్రానికి అధిపతి. శాఖిని సూత్రం బడిపిల్లలకూ తెలిసిందే. జరిగే అవకాశం ఒక కొమ్మ, జరగని అవకాశం మరో కొమ్మ. కొమ్మ వెంట నడుస్తూ అంకెలను గుణించుకుంటూ పోతే చివరి ఆకు విలువ తెలుస్తుంది. ఏదైనా నిజంగా జరిగిందని తేలితే, అది జరగని కొమ్మలన్నీ నరికేసి, మిగిలిన ఆకుల్లో మనకు కావలసినదాని వాటా చూడాలి. అదే షరతుతో కూడిన సంభావ్యత.

ఆషాఢంలో తుఫాను రేగింది. గరికిన దానయ్య ఒంటరిగా వెళ్లిన బోటు నుంచి సిగ్నల్ ఆగిపోయింది. మూడో రోజు డ్రోన్లకు నీటి మీద తేలుతున్న అతని వల కనిపించింది, బోటు కనిపించలేదు. శాఖిని చెట్టు గీసింది. ఇదివరకు తుఫానుల్లో సిగ్నల్ ఆగిన వెయ్యి బోట్లలో మునిగినవి రెండు వందలు, తేలి ఉన్నవి ఎనిమిది వందలు. మునిగినవాటిలో నూట తొంభై రెండింటి వలలు ఇలా తేలాయి. మునగనివాటిలో ఎనిమిదింటివే. మిగతా కొమ్మలు రాలిపోయాయి. దానయ్య బోటు తేలి ఉండే అవకాశం రెండు వందలకు ఎనిమిది, అంటే నూటికి నాలుగు. అయిదుకు తగ్గితే వెతుకులాట ఆపాలన్నది నియమం. ప్రణుతి సంతకం చేసింది. డ్రోన్లు వెనక్కి వచ్చాయి.

నాలుగో రోజు నుంచి దానయ్య భార్య నూకరత్నం కేంద్రం గేటు దగ్గరే కూర్చుంది. కాపలావాళ్లు లోపలికి రానివ్వలేదు. ఎనిమిదో రోజు పొద్దున కారు దిగిన ప్రణుతికి ఆమె ఎదురుపడింది. మనసాగక లోపలికి తీసుకెళ్లి, చెట్టు చూపించి, నిదానంగా అంతా వివరించింది.

నూకరత్నం చివరిదాకా విని, “నాకు సదువు నేదు మేడమ్ గోరూ. ఒక్క మాట సెప్పండి. ఈ నూట తొంభై రెండూ ములిగిపోనాయని ఎవులు సూసినారు?” అంది.

ప్రణుతి శాఖిని వైపు తిరిగింది.

“ఆ నూట తొంభై రెండింటిలో, మునిగిన బోటు నిజంగా దొరికినవి ఎన్ని?”

“ముప్పై రెండు.”

“మిగతా నూట అరవై?”

“వెతుకులాట ఆపేశారు. అవి తిరిగి రాలేదు. నిబంధన ప్రకారం మునిగినట్టు నమోదు చేశాను.”

“ఎవరి నిబంధన?”

“మీదే, డాక్టర్. ఏడేళ్ల కిందట చేర్చారు.”

ఆమెకు గుర్తొచ్చింది. ‘తెలియదు’ అనే కొమ్మ ఉంటే ఏ ఫైలూ మూతపడదని అధికారులు విసుక్కునేవారు. వాళ్ల విసుగు ఆమెకూ అంటుకుంది. మొదట్లో ఓపిక చాలక ఒకటీ అరా వెతుకులాటలు ఆపారు. ఆపిన ప్రతిసారీ తేలే కొమ్మ సన్నబడింది. సన్నబడిందని మరికొన్ని ఆపారు.

“తెలియనివి తీసేసి చెప్పు.”

“నలభైకి ఎనిమిది. నూటికి ఇరవై.”

ప్రణుతి తన సంతకాన్ని రద్దు చేసింది. పది నిమిషాల్లో కేంద్రంలోని డ్రోన్లన్నీ సముద్రం మీదికి లేచాయి.

మర్నాడు మధ్యాహ్నం బోటు దొరికింది. మునగలేదు. ఇంజను చెడి, ప్రవాహంలో దక్షిణానికి కొట్టుకుపోయింది. దానయ్య అందులో గొంతుక్కూర్చుని, తలను అంచుకు ఆనించుకుని ఉన్నాడు. ప్రాణం లేదు. పక్కన ఒక తాడు ఉంది. రోజుకొకటి చొప్పున దానికి ఏడు ముడులు వేసుకున్నాడు.

ఆ తాడు పట్టుకుని ప్రణుతి తానే నూకరత్నం ఇంటికి వెళ్లింది. ఏదీ దాచలేదు. నూకరత్నం ఏడవలేదు. ఒక్కో ముడినీ వేలితో తడుముతూ నాలుగోదాని దగ్గర ఆగింది.

“ఈ రోజు మా ఆయన బతికే ఉన్నాడు కదమ్మా?”

“ఉన్నాడు.”

“ఈ రోజు తవరేటి సేసినారు?”

కారణాలు చాలానే ఉన్నాయి. అంకెలూ ఉన్నాయి. కానీ ఆ రోజు ప్రణుతి వేళకు ఇంటికి వెళ్లింది. కూతురితో కలిసి భోంచేసింది. లెక్క తేలిపోయిందన్న నిశ్చింతతో హాయిగా నిద్రపోయింది.

“అన్నం తిని పడుకున్నానమ్మా,” అంది తల వంచుకుని.