మడి సంచిలోని ఛార్జర్

లంచ్ బెల్ కొట్టారు. క్యారియర్ తీద్దామని హంసిని స్కూలు బ్యాగులో చెయ్యి పెట్టింది. చేతికి ఏదో వైరు తగిలింది. లాగి చూస్తే ఏముంది, నాయన సెల్‌ఫోన్ ఛార్జర్! దాని వెనకాలే అడాప్టర్ కూడా. మలేషియాలో గోడ ప్లగ్గులకు మన పిన్ను పట్టదట. అందుకే నాయన మద్రాసంతా తిరిగి దాన్ని కొనుక్కొచ్చాడు.

"అయ్యో దేవుడా!" అంది హంసిని. ఆకలి ఎటు పోయిందో పోయింది.

నాయన కృష్ణస్వామి తిరుపతిలో ఒక గుడి అర్చకుడు. కౌలాలంపూర్‌లో తెలుగువాళ్లు చేయిస్తున్న కల్యాణోత్సవానికి వెళ్తున్నాడు. రాత్రికి మద్రాసులో విమానం. పదకొండింటికే కారులో బయలుదేరి ఉంటాడు. కౌలాలంపూర్‌లో ఎదురు వచ్చే మనిషిని ఆయన ఎన్నడూ చూడలేదు. ఆ మనిషి నంబరు ఫోన్‌లోనే ఉంది.

పొద్దున మన హంసిని చేసిన ఘనకార్యం వినండి. నాయన సంధ్యావందనంలో ఉండగా ఆయన ఫోన్‌లో పాము ఆట ఆడింది. ఆడి ఆడి ఛార్జింగ్‌ను ఒక్క గీతకు తెచ్చింది. ఛార్జరేమో మడి సంచిలో, పట్టుపంచెల పక్కన ఉంది. స్నానం చెయ్యనివాళ్లు ఆ సంచి ముట్టుకోకూడదు. హంసిని స్నానం మాట అటుంచండి, పళ్లయినా తోమలేదు! అయినా చెయ్యి పెట్టి తీసింది. ప్లగ్గులో పెట్టిందో లేదో, అవ్వ అడుగుల చప్పుడు. గబుక్కున ఫోన్ అక్కడే వదిలి, ఛార్జరూ అడాప్టరూ తన బ్యాగులోకి తోసేసింది. స్నానం చేసి మళ్లీ పెడదాంలే అనుకుంది. ఇంతలో స్కూలు ఆటో వచ్చింది. అంతే, మరిచేపోయింది.

పక్కన కూర్చున్న స్రవంతి అంతా విని ఉపాయం చెప్పింది. "సాయంత్రం పోయి మంచం కింద పడెయ్యే. మీ నాయనే మర్చిపోయినాడనుకుంటారు."

ఉపాయం బాగానే ఉంది. కానీ హంసిని పెరుగన్నం క్యారియర్ మూసేసింది. భాష రాని ఊళ్లో, పిలకతో, నామంతో, ఎవరిని పిలవాలో తెలియక నిలబడిన నాయన కళ్ల ముందు మెదిలాడు. హంసినికి ఏడుపొచ్చింది. లేచి స్టాఫ్‌రూముకు పరుగు తీసింది.

"రేవతి మేడమ్, మా నాయనకి ఫోన్ చెయ్యాల. నేను తప్పు చేసినాను."

మేడమ్ నంబరు అడిగింది. ఆఫీసు ఫోన్‌లో కలిపి చేతికిచ్చింది.

"నాయనా, నేను! ఫోన్‌లో ఒక్క గీతే ఉండాది, విను. ఛార్జర్ నా బ్యాగులో ఉండాది. నేనే తీసినాను. స్నానం చెయ్యకుండానే మడి సంచి..."

ఫోన్ టక్కున ఆగిపోయింది. మళ్లీ చేస్తే స్విచ్ ఆఫ్.

విన్నాడో, లేదో! లెక్కల పీరియడంతా హంసిని గేటు వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క లెక్కా బుర్రకెక్కలేదు.

రెండు గంటలకు గేటు ముందు కారు ఆగింది. నాయన దిగాడు! హంసిని ఛార్జర్ పట్టుకుని ఒక్క ఉరుకున వెళ్లింది.

"పుత్తూరు దాటినాక చేసినావమ్మా. ఇంకో గంటయితే వెనక్కి వచ్చేదానికి అయ్యేది కాదు," అన్నాడు నాయన. గొంతులో కోపముంది, మొహంలో నవ్వూ ఉంది. "సంచి ముట్టినావా?"

"ముట్టినాను నాయనా."

"చెప్పినావు గాబట్టి సరిపోయె. లేకుంటే ఆ పంచెలే కట్టుకుని కల్యాణంలో కూర్చునేవాణ్ణి. ఆడికి పోయి తడిపి ఆరేసుకుంటాలే."

హమ్మయ్య! హంసినికి ప్రాణం లేచొచ్చింది.

కారెక్కుతూ నాయన అన్నాడు, "అవ్వతో నేనే మర్చిపోయినానని చెప్తాలే. నిన్ను తిట్టదు."

హంసిని ఒక్క క్షణం ఆలోచించింది. "వద్దు నాయనా," అంది.

సాయంత్రం ఆటో దిగేసరికి అవ్వ వసారాలో పూలు కడుతోంది. "ఏమే, మొహం అట్ల పెట్టినావు?" అంది.

హంసిని బ్యాగయినా దించలేదు.

"అవ్వా, పొద్దున మడి సంచి ముట్టింది నేనే."