పాతిక కిలోమీటర్ల ఎడం

కొండ కింది ఊళ్లో ఒక ఇంటి అరుగు మీద, గాజుగొట్టంలో నీటి రంగు మారేలోపు హైమవతి మూడుసార్లు మణికట్టు చూసుకుంది. ఇరవై ఏడు. పొద్దున కొండ దిగేటప్పుడు ముప్పై నాలుగు ఉండేది. ఇంకో రెండు కిలోమీటర్లు తగ్గితే చాలు, అతడు మళ్లీ మూటాముల్లె సర్దుకోవాలి.

ఆ పరికరాన్ని ఎడంసూచి అంటారు. శిక్ష ముగిసినా ప్రమాదకారులన్న అనుమానంతో గడువులేని నిర్బంధంలో ఉంచిన లైంగిక నేరస్థులను షరతులతో విడిచిపెట్టడం అది వచ్చాకే సాధ్యమైంది. విడుదలైనవాడి భుజంలో హెచ్చరిక బీజం నాటుతారు. అతని చేతిలో నలిగిన స్త్రీకి ఎడంసూచి తొడుగుతారు. ఇద్దరి మధ్య దూరం పాతిక కిలోమీటర్ల లోపుకు వస్తే బీజం చురచుర మండుతుంది. అరగంటలో అతడు దూరంగా కదలకపోతే మళ్లీ నిర్బంధమే. జరగవలసినది ఎప్పుడూ అతడే, ఆమె కాదు. చట్టం తన న్యాయబుద్ధికి మురిసిపోతూ రాసుకున్న వాక్యం అది. సూచి దూరం చూపుతుంది, దిక్కు చూపదు.

పన్నెండేళ్ల శిక్ష, ఎనిమిదేళ్ల నిర్బంధం తర్వాత చలపతిరావు విడుదలై ఏడాది కావస్తోంది. మొదట్లో హైమ ఇల్లు కదలలేదు. ఉగాది ముందు సర్కారు ఉద్యోగం మీద ఒక కొండ ఊరికి నీటి పరీక్షకు వెళ్లినప్పుడు అంకె ఇరవై నాలుగుకు దిగింది. ఆమె చూస్తుండగానే అది ముప్పై అయింది, నలభై అయింది. ఇన్నేళ్లలో తొలిసారి అతడు పరుగెత్తాడు. అప్పటినుంచి ఎటు వెళ్తే అంకె తగ్గుతుందో అటువైపు పని అడిగి వేయించుకుంటోంది. అతడు మారాడని సమీక్షా మండలి అంది. మారినవాడు ఒకచోట నిలకడగా ఉండి చూపించాలి కదా అని ఆమె వాదం. నిలవనివ్వనిది ఎవరన్న ప్రశ్నను మాత్రం ఆ వాదంలోకి రానివ్వలేదు.

"నీల్లు బాగున్నాయా అమ్మా?" అంటూ ఇంటావిడ నూకరత్నం మజ్జిగ గ్లాసు అందించింది. యాభై దాటిన మనిషి, ఎండుచేపల వ్యాపారం. గ్లాసు చాపినప్పుడు ఆమె మణికట్టుకు చుట్టుకున్న గుడ్డపీలిక జారింది. కింద ఎడంసూచి. ఇరవై ఏడు.

ఒకడి బాధితులు ఒకరికొకరు తెలియకూడదని చట్టం అందరి పేర్లూ దాచింది. ఇద్దరూ ఒకరి చేతినొకరు చూసుకున్నారు.

"ఆడేనా?" అంది నూకరత్నం.

"చలపతిరావు."

నూకరత్నం గడప మీద కూలబడింది. "దొంగసచ్చినోడు! నానొక్కదాన్నే అనుకున్నానమ్మా. ఇదిగో, ఈ గోడ సూడు. ఆడు నా ఏపే వచ్చేస్తన్నాడు."

అరుగు గోడకున్న కేలండర్‌లో ప్రతి తేదీ పక్కన ఒక అంకె. ఉగాదికి నూట నలభై. మే తొమ్మిదిన నూట పది. పోయిన వారం అరవై. మే తొమ్మిదిన హైమ కాఫీ తోటల ఊళ్లో ఉంది. అంకె పడిపోయిన తేదీలన్నీ ఆమె పర్యటన రోజులే.

"సంతకెల్లడం మానేసినాను. తలుపు సప్పుడైతే సాలు, కత్తిపీట అందుకుంటన్నాను. పాతిక కాడ ఆగుతాడంటే నమ్మమంటావేటి? కావాలనే వస్తన్నాడు." నూకరత్నం గడప పక్కనున్న పెట్టెలోంచి ఒక పత్రం తీసింది. "పిర్యాదు రాయించినాను. సర్కారు మనిసి ఏలిముద్ర ఎయ్యాలంట. నిన్ను దేవుడే పంపినాడు తల్లీ."

'విడుదలైన వ్యక్తి ఉద్దేశపూర్వకంగా నన్ను సమీపిస్తున్నాడు.' ఉన్నది ఆ ఒక్క వాక్యమే. కింద సాక్షికి ఒక గడి. అందులో వేలిముద్ర పడితే ఇక విచారణ ఉండదు. రేపటికి అతడు లోపల ఉంటాడు, ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు.

హైమ బొటనవేలు గడి దాకా వెళ్లింది. అతడు మారాడని ఆమె ఎన్నడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మడం లేదు. అయితే ఈ పత్రం అతడెలాంటివాడని అడగడం లేదు, కావాలని వస్తున్నాడా అని అడుగుతోంది. అబద్ధమాడితే ఈమె భయం తీరుతుంది, తన కోరికా తీరుతుంది. ఇద్దరికీ మేలు చేసే అబద్ధాన్ని కాదనడానికి కారణం ఆమెకు వెంటనే దొరకలేదు. కానీ ఈ మనిషి కత్తిపీట పక్కన పెట్టుకుని బతుకుతున్నది తన వల్ల. వేలిముద్ర వేస్తే ఆ సంగతి మింగేసి, ఈ ఇంట్లో దేవుడు పంపిన మనిషిగా నిలబడాలి.

వేలు వెనక్కి తీసుకుంది.

"పిన్నీ, వాడు నీకోసం రాలేదు. వాణ్ని నీ వైపు తోలింది నేను."

"ఏటంటన్నావు?"

"పైన నేను దగ్గరికెళ్లినప్పుడల్లా వాడు కిందికి దిగాడు. ఈ తేదీలన్నీ నావే."

నూకరత్నం కేలండర్ వైపు తిరిగింది. "ఎన్నాల్లబట్టి?"

"ఎనిమిది నెలలు."

"తెలిసే సేసినావా?"

"పరుగెత్తుతున్నాడని తెలుసు. ఎవరి మీదికి పరుగెత్తుతున్నాడో ఆలోచించలేదు."

నూకరత్నం పత్రాన్ని ఆమె చేతిలోంచి మెల్లగా లాక్కుంది. లేచి గడప దాటి లోపలికి వెళ్లి, తలుపు సగం మూసింది. ఆ సందులోంచి చూసిన చూపును హైమ ఎరుగును. ఇరవై ఏళ్లుగా తాను ప్రతి కొత్త మనిషినీ అలాగే చూసింది.

"నువ్వెల్లిపో తల్లీ," అంది నూకరత్నం. "ఆడెటు పరిగెడతాడో నాకు తెలవాల. ఎల్లే ముందు, ఏ దారంట ఎల్తావో సెప్పి ఎల్లు."