హ్యాండిల్ లేని తలుపు

“పోయిన నెల మన సాక్షి కారులోనే కాలిపోయాడు. డోర్ హ్యాండిల్స్ బయటికి రాలేదు. పోలీసులు యాక్సిడెంట్ అని రాసేసుకున్నారు.” ఇయర్‌పీస్‌లో చీఫ్ దివాకర్ గొంతు గరగరలాడింది. “ఇక మిగిలింది రేణు ఒక్కతే. సోమవారం కోర్టులో నోరు విప్పేదాకా ఆమె బతకాలి.”

“ఎస్ సార్,” అన్నాడు ఏజెంట్ శ్యామ్‌సుందర్ పెదవులు కదపకుండా.

“ఇంకోటి. మన టీమ్‌లోనే ఎవరో వాళ్లకి లీక్ చేస్తున్నారు. ఎవర్నీ నమ్మకు.”

చెప్పడానికేం, ఆయన ఏసీ రూమ్‌లో కూర్చుని ఎన్నయినా చెప్తాడు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో గుడి పార్కింగ్ లాట్ మధ్య పట్టుపంచె కట్టుకుని, ఒట్టి కాళ్లతో, పంతులుగారి వేషంలో నిలబడ్డవాడికి తెలుస్తుంది భయమంటే ఏమిటో. తుపాకీ లేదు. పంచెలో ఎక్కడ దాస్తాడు పాపం! ఉన్న ఆయుధమల్లా పూజ పళ్లెంలోని గంట. దాని పిడి చివర టంగ్‌స్టన్ మొన ఉంది. అద్దానికి ఆనించి నొక్కితే స్ప్రింగ్ తన్ని పగలగొడుతుందని ల్యాబ్ వాళ్లు చెప్పారు.

రేణు డేటా సెంటర్‌లో సెక్యూరిటీ ఇంజినీర్. సర్వర్లలో దూరిన విదేశీ ముఠాను పట్టించింది ఆమే. కొత్త ఎలక్ట్రిక్ కారు కొన్నాను, ఎవరు ఏమన్నా వాహన పూజ చేయించి తీరతానంది. హ్యాండిల్స్ తలుపులో కలిసిపోయి, కరెంటు ఉంటే తప్ప బయటికి రాని కారు అది. పోయిన నెల సాక్షి కాలిపోయిందీ అలాంటి దాంట్లోనే.

“రిలాక్స్, పంతులుగారూ. కారు నేనే చెక్ చేశాను. క్లీన్,” అంది చంద్రిక మెల్లగా. అదే టీమ్‌లో ఏజెంట్, ఇవాళ రేణు ఫ్రెండ్ వేషం. నెమలికంఠం రంగు పట్టుచీర, నల్ల కళ్లద్దాలు. గుడికొచ్చిన మగవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టడం మరిచిపోయేంత అందం.

కారు చెక్ చేసింది ఈమె. లీక్ చేస్తున్నదీ ఈమేనా? కారులో ఏదైనా పెట్టిన మనిషి చచ్చినా ఆ కారు ఎక్కదు. పరీక్ష పెడితే సరి, అనుకున్నాడు శ్యామ్‌సుందర్. ఎక్కనంటే పూజ ఆపేసి, స్టీరింగ్ ముందు కూర్చున్న రేణుని దించేయొచ్చు.

“నిమ్మకాయలు తొక్కించేటప్పుడు యజమానురాలి పక్కన ఒక ముత్తైదువ కూర్చోవాలి. శాస్త్రం,” అన్నాడు గట్టిగా. అలాంటి శాస్త్రం ఎక్కడా లేదు. “మీరు ఎక్కండమ్మా.”

చంద్రిక నవ్వు ఒక్క క్షణం ఆగింది. “నేనెందుకండీ, వేరే ఎవరైనా...”

“పంతులుగారు చెప్పాక కాదంటే ఎలాగమ్మా? అశుభం!” రేణు పక్కింటి చాముండేశ్వరి ఆంటీ ఆమెను భుజం పట్టి సీట్లోకి తోసినంత పని చేసింది. చంద్రిక ఫోన్ ఓసారి చూసుకుని, కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది. మళ్లీ నవ్వింది.

ఎక్కింది! శ్యామ్‌సుందర్ గుండెల మీది కుంపటి దిగినట్టయింది. అయితే ఈమె కాదన్నమాట. “పోనివ్వండమ్మా,” అన్నాడు రేణుతో.

తలుపులు పడ్డాయి. హ్యాండిల్స్ లోపలికి పోయాయి. టైర్ల కింద నిమ్మకాయలు చితికాయి. కారు కాస్త కదిలి, ఠక్కున ఆగిపోయింది. స్క్రీన్ నల్లబడింది. అడుగు నుంచి పొగ లేచింది.

“అయ్యయ్యో! మంటలు!” అరిచింది చాముండేశ్వరి ఆంటీ.

శ్యామ్‌సుందర్ పై ప్రాణాలు పైనే పోయాయి. ఉరికి తలుపు తడిమాడు. నున్నటి రేకు. పట్టుకోవడానికి గోరంత సందు లేదు. లోపల రేణు ఎమర్జెన్సీ లీవర్ లాగింది. అది ఊడి చేతిలోకొచ్చింది. ఎవరో కేబుల్ ముందే కోసేశారు. పక్క సీట్లో చంద్రిక ఫోన్‌ని పిచ్చిదానిలా వేలితో పొడుస్తోంది.

అప్పుడు అర్థమైంది అతనికి. మంట పెట్టే పరికరాన్ని ఆపే బటన్ తన ఫోన్‌లో ఉందన్న ధైర్యంతో ఎక్కింది ఈవిడ! ఆ బటన్ పనిచేయడం లేదు. ముఠా వాళ్లు సాక్షితో పాటు తమ మనిషినీ వదిలించుకుంటున్నారు. ఇద్దర్నీ చేతులారా ఎక్కించింది మాత్రం తను.

గంట మొన డ్రైవర్ అద్దానికి ఆనించి నొక్కాడు. ఠాప్! అద్దం తెల్లగా బీటలు వారింది, రాలలేదు. మళ్లీ నొక్కాడు. అంతే. రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర, లామినేటెడ్ గ్లాస్. దాని ముందు ల్యాబ్ వాళ్ల గంట ఉత్త గంటే. రేణు దగ్గుతూ అరచేతులు అద్దానికి ఆనించింది.

“చంద్రికా! ఏ అద్దం పగులుతుంది? నీకు తెలుసు, చెప్పు!”

ఆమె అతని వైపు చూసింది. చెప్తే నేరం ఒప్పుకున్నట్టే. పొగ గొంతు దాకా వచ్చింది.

“వెనక!” కేక పెట్టింది. “వెనక గ్లాస్ ఒక్కటే టెంపర్డ్, పొర లేదు! మూల మీద కొట్టు, మధ్యలో కాదు! ప్లీజ్!”

వెనక్కి పరిగెత్తి మూలన ఆనించి నొక్కాడు. అద్దమంతా పటికబెల్లం ముక్కల్లా జలజలా రాలింది. రేణు సీట్ల మీద నుంచి పాక్కుంటూ వచ్చింది. రెండు చేతులూ పట్టి లాగాడు. ఆ వెంటనే చంద్రికను లాగాడు. గాజు ముక్కలు అరికాళ్లలో దిగుతున్నా ఆగకుండా ఇద్దర్నీ ఈడ్చుకుపోయాడు. వెనక కారు భగ్గుమంది.

పోలీసులొచ్చి చంద్రిక చేతులకు సంకెళ్లు వేశారు.

“ఒక్క మాట కూడా చెప్పను. ఐ వాంట్ ఎ లాయర్,” అంటూ తలెగరేసుకుని పోలీసు కారు వెనక సీట్లో కూర్చుంది. ఆఫీసర్ తలుపు వేయబోయాడు. ఆమె కళ్లు తలుపు లోపలి వైపు పడ్డాయి. పోలీసు కారు వెనక తలుపులకు లోపల హ్యాండిల్ ఉండదు. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“వద్దు! తలుపు వేయొద్దు! అన్నీ చెప్తాను. అందరి పేర్లూ చెప్తాను. తలుపు మాత్రం వేయొద్దు!”

శ్యామ్‌సుందర్ ముందుకొచ్చాడు. నెత్తురోడుతున్న పాదం తలుపుకి అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆమె ఏడుస్తూ ముఠా మనుషుల పేర్లు, వాళ్లు దాక్కున్న ఇల్లు, మంట పెట్టినవాడి ఆచూకీ అన్నీ చెప్పేసింది. దుప్పటి కప్పుకున్న రేణు నిలబడి విన్నది.

“ముఠా మొత్తం దొరికినట్టే!” ఇయర్‌పీస్‌లో దివాకర్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఇంత త్వరగా ఎలా కక్కించావయ్యా? ఏం టెక్నిక్ వాడావ్?”

“ఏం లేదు సార్. తలుపు తీసి ఉంచాను.”